కారణం దొరకని కిడ్నీ జబ్బు: ఉద్దానం నుంచి నికరాగువా దాకా

ఎవరికైనా కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిస్తే మనం మొదట అడిగేది "షుగర్ ఉందా? బీపీ ఉందా?" అనే. ప్రపంచంలో ఎక్కువ కిడ్నీ జబ్బులకు మూలం ఆ రెండే కాబట్టి అడగడంలో తప్పేమీ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం చాలామంది దగ్గర ఈ ప్రశ్నకు "లేదు" అనే జవాబే వస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఉన్న ఊళ్లు ఇవి. చూడ్డానికి కోనసీమలా పచ్చగా ఉంటాయి. ఆ తోటల్లో పనిచేసే నలభై, యాభై ఏళ్ల మనుషులు డయాలసిస్ మంచం మీదికి చేరుతున్నారు. ఒకే ఇంట్లో తండ్రి తర్వాత కొడుకు, భర్త తర్వాత భార్య మంచం పట్టిన సందర్భాలున్నాయి. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడే దాకా వచ్చింది.

ఈ సంగతి బయటపడి రెండు దశాబ్దాలు దాటింది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన కిడ్నీ వైద్య నిపుణుడు టి. రవిరాజు ఏళ్ల తరబడి ఈ ఊళ్లలో పరీక్షలు చేశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు ఊళ్లనూ మనుషులనూ లాటరీ తీసినట్టు ఎంచుకుని, సుమారు 2,400 మంది రక్తం, మూత్రం పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమంది విషయంలో మనకు తెలిసిన కారణాలేవీ సరిపోలేదు. ఇలాంటి జబ్బుకు వైద్యులు పెట్టిన పొట్టి పేరు సీకేడీయూ. కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని అర్థం.

ఇది ఇంతకాలం కంటపడకుండా ఎలా పెరిగిందో తెలియాలంటే కిడ్నీ పని కొంచెం తెలియాలి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ మొదటి భాగం సన్నని రక్తనాళాల ముడి. అది జల్లెడలా రక్తాన్ని వడపోస్తుంది. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని ఇలా వడగడతాయి. అంతా బయటికి పోతే మనిషి గంటల్లో ఎండిపోతాడు. అందుకే నెఫ్రాన్ రెండో భాగంలోని సన్నని గొట్టాలు అందులో 99 శాతాన్ని, దానితోపాటు ఉప్పులను, చక్కెరను తిరిగి రక్తంలోకి లాగేస్తాయి. మిగిలిన లీటరో, లీటరున్నరో మూత్రంగా బయటికి వస్తుంది.

షుగర్ జబ్బులో ముందుగా చెడేది ఆ మొదటి భాగం. అది చెడితే రక్తంలోని ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది, మూత్రం నురగ కడుతుంది, కాళ్లు వాస్తాయి. స్ట్రిప్ ముంచితే రంగు మారి సంగతి తెలిసిపోతుంది. ఉద్దానం జబ్బు కొట్టేది రెండో భాగాన్ని. గొట్టాల చుట్టూ ఉన్న కణజాలం కొద్దికొద్దిగా మచ్చ కట్టి గట్టిపడుతుంది. ప్రోటీన్ పెద్దగా కారదు, వాపు రాదు, బీపీ కూడా చివరిదాకా పెరగకపోవచ్చు. స్ట్రిప్‌తో చేసే మూత్ర పరీక్షలో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆకలి మందగించి, వాంతులు మొదలై, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చేసరికి కిడ్నీలో మిగిలింది చాలా తక్కువ. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరుగుతుంది. దాన్ని కొలిచి చూసినా ఒక చిక్కుంది. కిడ్నీల సామర్థ్యం దాదాపు సగం పోయేదాకా ఆ అంకె మామూలు హద్దులు దాటకపోవచ్చు. 0.7 ఉండాల్సిన మనిషికి 1.1 వస్తే రిపోర్టులో "నార్మల్" అనే ఉంటుంది. ఆయన మాత్రం అప్పటికే చాలా పోగొట్టుకుని ఉంటాడు.

ఉద్దానం ఒక్కటే ఇలా లేదు. శ్రీలంకలో అనురాధపురం, పొలొన్నరువ ప్రాంతాల్లో, పురాతన చెరువుల కింద వరి పండించే రైతుల్లో ఇదే జబ్బు 1990ల్లో బయటపడింది. మధ్య అమెరికా పసిఫిక్ తీరాన ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల సంగతి 2002లో వైద్య పత్రికలకెక్కింది. ఒడిశాలో కటక్ జిల్లా పల్లెల్లో, ఛత్తీస్‌గఢ్‌లోని సుపేబేడాలో, మన దగ్గరే ఎన్టీఆర్ జిల్లా ఎ. కొండూరు తండాల్లోనూ కిడ్నీ బాధితులు గుంపులు గుంపులుగా కనిపిస్తున్నారు. ఇవన్నీ ఒకే జబ్బో, ఒకేలా కనిపించే రెండు మూడు జబ్బులో ఇంకా తేలలేదు. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీల్లో పోలికలు చాలా ఉన్నాయి. అంతటా ఎక్కువగా చిక్కింది వేడి దేశాల్లో ఒళ్లొంచి పనిచేసే పేదవాళ్లే.

కారణం కోసం వెతుకులాట ఎంత కాలం పట్టగలదో, దారి ఎలా తప్పగలదో తెలియడానికి ఒక పాత కథ ఉంది. అది వేడి దేశాలది కాదు. తూర్పు యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న పల్లెల్లో 1950ల్లో రైతులకు వింత కిడ్నీ జబ్బు వస్తున్నట్టు గుర్తించారు. బల్గేరియా, రుమేనియా, అప్పటి యుగోస్లావియా ఊళ్లు అవి. ఒక ఊళ్లో ఉంటుంది, పక్క ఊళ్లో ఉండదు. రక్తసంబంధం లేని కోడళ్లకూ వస్తుంది. సీసం అన్నారు, వైరస్ అన్నారు, నీళ్లలో సిలికా అన్నారు, నిల్వ ధాన్యానికి పట్టే బూజు విషం అన్నారు. ఒక్కో అనుమానం మీద ఏళ్లకేళ్లు గడిచాయి. చివరికి ఆధారం దొరికింది పల్లెల్లో కాదు, బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో. 1990ల మొదట్లో అక్కడ బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికలు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు పోయాయి. వాళ్ల కిడ్నీలు అచ్చం ఆ డాన్యూబ్ రైతుల కిడ్నీల్లాగే ఉన్నాయి. ఆ మూలికల్లో కలిసింది అరిస్టలోకియా జాతి మొక్క. ఆ జాతి కలుపు మొక్క ఒకటి డాన్యూబ్ గోధుమ చేలల్లో విరివిగా పెరిగేది. కోతలో దాని గింజలు గోధుమల్లో కలిసి, పిండిలో కలిసి, రోజూ తినే రొట్టెలోకి చేరాయి. 2007లో ఆ విషం గుర్తులు రోగుల కిడ్నీల డీఎన్‌ఏలోనే పట్టుబడ్డాక వాదన ముగిసింది. యుగోస్లావియా శాస్త్రవేత్త ఒకాయన ఈ గింజల మీద 1969లోనే అనుమానం చెప్పినా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

ఉద్దానంలోనూ అదే కారణమని నేను చెప్పడం లేదు, దానికి ఆధారం లేదు. కానీ పాముకాటుకని నాటువైద్యంలో వాడే మన ఈశ్వరి తీగ కూడా ఆ జాతిదే. ఆ వేరు, ఆకు లోపలికి తీసుకోవడం ఏ ఊళ్లో ఉన్నా ఆపాలి.

శ్రీలంకలో ఇంకోలా జరిగింది. అక్కడి బావి నీళ్లలో కాఠిన్యం ఎక్కువ, ఫ్లోరైడ్ ఎక్కువ. కాడ్మియం అన్నారు, ఆర్సెనిక్ అన్నారు. 2014లో కొందరు పరిశోధకులు గ్లైఫోసేట్ అనే కలుపు మందు కఠినజలంలోని లోహాలతో కలిసి కిడ్నీని చెరుస్తోందని ప్రతిపాదించారు. అది ఊహ మాత్రమే, రుజువు కాదు. అయినా మరుసటి ఏడే దేశమంతటా దాన్ని నిషేధించారు. తేయాకు తోటల్లో కలుపు పెరిగిపోయి గొడవ మొదలైంది. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు నిషేధం సడలించారు. పురుగుమందులను నేను వెనకేసుకు రావడం లేదు. రక్షణ లేకుండా మందు కొట్టే మన రైతుల మీద అవి చేసే కీడు చాలా పెద్దది. కానీ ఒక నిందితుణ్ని తొందరపడి ప్రకటిస్తే మిగతా అనుమానాల మీద వెతుకులాట మందగిస్తుంది. బాధితులకేమో సమస్య తీరిపోయిందనే భ్రమ మిగులుతుంది. అదే శ్రీలంకలో, ఊట నీళ్లు తాగేవాళ్లలో జబ్బు తక్కువగా ఉండడం చూసి పల్లెల్లో ఆర్వో ప్లాంట్లు పెట్టారు. నీళ్లలో దోషి ఎవరో తేలకపోయినా నీళ్లు మార్చడం మంచి పనే.

నికరాగువా పాఠం వేరు. చిచిగల్పా పట్టణం చుట్టూ చెరకు కూలీలు ఎంతమంది చనిపోయారంటే, ఒక పేటకు "విధవల దీవి" అనే పేరు పడింది. చెరకును ముందు తగలబెడతారు, తర్వాత నరుకుతారు. మసి, పొగ, నడినెత్తిన ఎండ, టన్నుల లెక్కన కూలి. ఎంత నరికితే అంత డబ్బు కాబట్టి నీళ్లకు కూడా ఆగరు. ఒళ్లు వేడెక్కి నీరు తగ్గితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, కండరాలు నలిగి వాటి వ్యర్థాలు పోగవుతాయి, యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. ఒక రోజు ఇలా జరిగితే కిడ్నీ కోలుకుంటుంది. కోతకాలమంతా, ఏటేటా జరిగితే మచ్చ మిగులుతుంది. ఎత్తైన చల్లటి కొండల మీద కాఫీ తోటల్లో పనిచేసేవాళ్లలో జబ్బు బాగా తక్కువ. అందుకే అక్కడ ఎండ మీద అనుమానం బలపడింది. చెరకు మిల్లు పొలాల్లో నీడకు గుడారాలు, గంట గంటకూ విశ్రాంతి, ఉప్పులు కలిపిన నీళ్లు పెట్టి, కూలీల రక్తపరీక్షలు చేస్తూ పోయారు. ఎండ వేళ పనిలో కిడ్నీ దెబ్బతినే వాళ్ల సంఖ్య తగ్గింది. జబ్బు మూలం పూర్తిగా రుజువు కాకముందే జరిగిన మేలు ఇది.

ఎండ వాదన ఉద్దానానికి అంత బాగా అతకదు. ఎండొక్కటే కారణమైతే రెంటచింతల, రామగుండం పేర్లు ముందు వినిపించాలి. పైగా ఉద్దానంలో ఆడవాళ్లు కూడా తక్కువేమీ కాదు, చెట్ల నీడలో పనిచేసేవాళ్లూ ఉన్నారు. నీళ్ల విషయానికొస్తే, ఆర్సెనిక్, కాడ్మియం లాంటి భారలోహాలు చాలా పరీక్షల్లో అనుమతించిన హద్దుల్లోనే కనిపించాయి. నీళ్లలో సిలికా మీద కొందరి అనుమానం ఉంది. తోటల్లో కొట్టే మందులు, ఒంటి నొప్పులకు మింగే మాత్రలు, పుట్టుకతో వచ్చిన జన్యు బలహీనత, ఇవన్నీ జాబితాలో ఉన్నాయి. ఒకటి కిడ్నీని బలహీనపరిస్తే ఇంకొకటి పడగొడుతూ ఉండొచ్చన్నది నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

మనకు పక్కనే తేడా చూపించే ఇంకో ఉదాహరణ ఉంది. ఫ్లోరోసిస్ సంగతి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వైద్య లోకానికి తెలిసింది. తర్వాత నల్గొండ బాధ దేశమంతా చూసింది. అక్కడ కారణం ఒక్కటే, అది నీళ్లలో కొలిస్తే దొరుకుతుంది, పళ్ల మీద, ఎముకల్లో కంటికి కనిపిస్తుంది. అంత స్పష్టంగా తెలిసిన జబ్బుకే ఇంటింటికీ మంచి నీళ్లు చేరడానికి దశాబ్దాలు పట్టింది. కారణం తెలిశాకే కదులుదామనుకుంటే ఉద్దానం ఎంత కాలం ఆగాలి?

కొంత కదలిక వచ్చింది. డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లాల్సిన రోజుల నుంచి సోంపేట, పలాసల్లోనే కేంద్రాలు వచ్చాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం దగ్గర కూర్చునే మనిషి కూలికి వెళ్లలేడు. అలాంటివాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఈ ఊళ్లకు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. భూగర్భ జలం మానేసిన ఊళ్లలో రాబోయే ఏళ్లలో కొత్త కేసులు తగ్గితే, నీళ్ల మీద ఉన్న అనుమానానికి అదే పెద్ద పరీక్ష అవుతుంది. అయితే నీళ్లు మారకముందు ఎవరి కిడ్నీ ఎంత పనిచేసేదో రాసి పెట్టుకుంటేనే ఆ పోలికకు అర్థం ఉంటుంది.

ఈ పని నికరాగువాలో ఒకసారి చేసి చూపించారు. వాయవ్య ప్రాంతపు పల్లెల్లో 18 నుంచి 30 ఏళ్ల మధ్య, ఏ జబ్బూ లేదనుకున్న సుమారు 350 మందిని రెండేళ్లపాటు వరుసగా పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, మగవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి కిడ్నీ సామర్థ్యం వేగంగా పడిపోతోంది. ఆడవాళ్లలో అది ముప్పైమందిలో ఒకరు. అంటే యాభైలో ఆసుపత్రికి వచ్చే జబ్బుకు దెబ్బ ఇరవైల్లోనే మొదలై ఉండొచ్చు. కారణం కోసం డయాలసిస్ గదిలో వెతికితే, అది ఇరవై ఏళ్ల కింద వదిలిపోయిన జాడను వెతికినట్టే. ఆ వయసు పిల్లల దగ్గర వెతికితే అది ఇంకా చేతికి అందే దూరంలో ఉంటుంది.

గల్ఫ్‌లో కట్టడం పనులు చేసి వచ్చిన నేపాలీ యువకుల్లో కిడ్నీలు పోయినవాళ్లను నేపాల్ వైద్యులు చూస్తున్నారు. అదే గల్ఫ్ ఎండలో కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్లూ పనిచేస్తున్నారు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు షుగర్‌తో పాటు క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. ఒళ్లు నొప్పులన్నప్పుడల్లా డైక్లోఫెనాక్ లాంటి ఇంజెక్షన్లు, మాత్రలు తీసుకోవద్దు. అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి ఉన్న మనిషికి ఆ నష్టం ఇంకా ఎక్కువ. వాంతులు, విరేచనాలు అయిన రోజు, ఎండలో పనిచేసి వచ్చిన రోజు వాటి జోలికే పోకూడదు.

క్రియాటినిన్ పరీక్షకు పెద్ద ఖర్చు కాదు. ఒకసారి చేయించి "నార్మల్" అన్నారని పక్కన పెడితే చాలదు. ఆరు నెలలకోసారి చేసి, వయసును బట్టి కిడ్నీ సామర్థ్యం లెక్కగట్టి, పాత అంకె పక్కన కొత్తది రాయాలి. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఇరవై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరు మీదా అలాంటి వరుస ఒకటి ప్రభుత్వ రికార్డులో ఉండాలి. తగ్గుతున్నవాళ్లు ముందే తెలిస్తే ఎండ పని, నొప్పి మాత్రలు, తాగే నీళ్లు మార్చి వాళ్ల కిడ్నీని కొన్నేళ్లయినా ఎక్కువ కాపాడుకోవచ్చు. ఏ ఊళ్లో, ఏ పనిలో, ఏ బోరు నీళ్లు తాగేవాళ్లలో అంకెలు ముందుగా పడుతున్నాయో చూస్తే పలాస పరిశోధకులకు ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది.