ఉప్పులో దేహం, మైనంలో ముఖం

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. అద్దం ముందు నిలబడితే ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే: వేల ఏళ్లయినా ఇది ఎలా పాడవలేదు?

జవాబు ఉప్పు. ఎండుచేప నిలవ ఉండేదీ దాదాపు ఇదే కిటుకుతో. కాలేయం, ఊపిరితిత్తులు, కడుపు, పేగులు బయటికి తీసి, శవాన్ని నేట్రాన్‌లో కప్పిపెట్టేవారు. అది ఎండిన సరస్సుల దగ్గర దొరికే సోడా ఉప్పు. సుమారు 40 రోజుల్లో ఒంట్లో తడినంతా లాగేస్తుంది. తడి లేని చోట బాక్టీరియా పెరగదు, కుళ్లడం ఆగిపోతుంది. ఆ తర్వాత నూనెలు, చెట్ల బంకలు పూసి నారబట్ట చుట్టేవారు. మొత్తం 70 రోజుల పని.

మెదడును మాత్రం ముక్కులోంచి కొక్కెంతో లాగి పారేసేవారు! ఆలోచన, జ్ఞాపకం, మంచీ చెడూ అన్నీ గుండెలోనే ఉంటాయని వాళ్ల నమ్మకం. అందుకే గుండెను ఒంట్లోనే ఉంచేవారు. చచ్చినవాళ్ల లోకానికి దేవుడైన ఒసైరిస్ సభలో దాన్ని త్రాసులో పెట్టి, సత్యానికీ న్యాయానికీ దేవత అయిన మాత్ ఈకతో తూస్తారట. బరువెక్కువ తూగితే మొసలి తల రాక్షసి అమ్మిట్ మింగేస్తుంది. ఆ మనిషి కథ అక్కడితో సరి. ఈ భయానికి విరుగుడు కూడా వాళ్లే కనిపెట్టుకున్నారు. పేడపురుగు ఆకారంలో చెక్కిన రాయిని గుండె మీద పెట్టి, తనకు ఎదురు సాక్ష్యం చెప్పొద్దని గుండెనే బతిమాలే మంత్రం దానిమీద రాయించేవారు. విచారణకి ముందే సాక్షిని కలిసి మాట్లాడుకోవడమన్నమాట.

రోమన్లకు పరలోకం ఇంత స్పష్టంగా కనిపించలేదు. "ఒకప్పుడు లేను, తర్వాత ఉన్నాను, ఇప్పుడు లేను, నాకేం పట్టదు" అనే అర్థమిచ్చే మాటలు కొందరు ఏకంగా సమాధి మీదే చెక్కించుకున్నారు. వాళ్ల టెన్షన్ అంతా ఇక్కడిదే: నన్నెవరు తలుచుకుంటారు, నాకెవరు పెడతారు? ఊరిలోపల పూడ్చడం, కాల్చడం చట్టం ఒప్పుకోదు కాబట్టి రోము నుంచి బయటికెళ్లే ఆపియా దారి పొడవునా సమాధులు కట్టారు, వచ్చేపోయేవాళ్లు పేరు చదువుతారని. వైన్ పొయ్యడానికి కొన్ని సమాధుల్లోకి గొట్టాలు దించారు. ఫిబ్రవరి 13 నుంచి 21 దాకా పెద్దల పండుగ. మే నెలలో లెమూరియా అనే దయ్యాల పండుగ వస్తే ఇంటిపెద్ద అర్ధరాత్రి చెప్పుల్లేకుండా లేచి, వెనక్కి చూడకుండా నల్ల చిక్కుడు గింజలు విసిరి దయ్యాలను సాగనంపేవాడు.

పేదవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. రోము దగ్గరి లనూవియం ఊళ్లో దొరికిన క్రీ.శ. 136 నాటి శాసనం ప్రకారం చేరేటప్పుడు 100 సెస్టర్సులు (రోమన్ నాణేలు), ఒక జాడీ మంచి వైన్ ఇవ్వాలి. తర్వాత నెలనెలా కొంత కడితే, చచ్చాక అంత్యక్రియలకు 300 వస్తాయి. చావు కోసం కట్టే చీటీ! పదవులు చేసినవాళ్ల ఇళ్లలో ఇంకో పద్ధతి. వాళ్ల ముఖాల మైనపు అచ్చులు హాల్లో దాచేవారు. ఇంట్లో ఎవరైనా పోతే మనుషులు ఆ అచ్చులు తొడుక్కుని శవయాత్రలో నడిచేవారు, తాతముత్తాతలే లేచి వచ్చినట్టు.

క్రీ.పూ. 30లో ఈజిప్టు రోము చేతిలోకి వచ్చాక ఈ ఉప్పూ ఆ మైనమూ ఒకచోట కలిశాయి. 1888లో ఫయ్యూం దగ్గర హవారాలో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ తవ్వినప్పుడు, ముఖం ఉండాల్సిన చోట చెక్కపలక మీద రంగుల బొమ్మ ఉన్న మమ్మీలు బయటపడ్డాయి. మైనంలో రంగు కలిపి వేసిన ఆ ముఖాలు పెద్ద పెద్ద కళ్లతో సూటిగా మనల్నే చూస్తాయి.

వాటిలో ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆర్టెమిడోరస్‌ది. పేరు గ్రీకుది. బొమ్మ రోమన్ తరహాది, తలమీద బంగారు ఆకుల దండ. దాని కింద, ఎర్రటి పెట్టె మీద, సింహం ఆకారపు మంచంపై పడుకున్న శవానికి నక్క తల ఈజిప్టు దేవుడు అనూబిస్ సేవ చేస్తున్నాడు. రొమ్ము మీద గ్రీకులో ఆర్టెమిడోరస్‌కి వీడ్కోలు రాశారు. అందులో ఒక అక్షరదోషం ఉంది.