మెదడు పొరల క్షయ: నిర్ధారణ ఎందుకింత కష్టం?

వారాల తరబడి తలనొప్పి, సాయంత్రానికి సన్నటి జ్వరం, ఆపై వాంతులు, మగత. పెద్దవారిలో ఇవన్నీ కలిసి వస్తే మన వైద్యుల అనుమానం ముందు క్షయ మీదికే వెళ్తుంది. అది సబబే. కానీ క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం, సిఫిలిస్, పచ్చిపాల ద్వారా సోకే బ్రూసెల్లా, మెదడు పొరలకు పాకిన క్యాన్సర్ కూడా దాదాపు ఇలాగే మొదలవుతాయి.

ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ పిల్లల్లో మెదడు పొరల క్షయ ముదిరే తీరును దశలవారీగా వర్ణించారు. ఆయన మరణించాక, 1768లో అది అచ్చయింది. మెదడులో నీరు చేరుతోందని గుర్తించారు గానీ, కారణమైన క్రిమిని 1882లో రాబర్ట్ కోచ్ ప్రకటించేదాకా ఎవరికీ తెలియదు. 1891లో జర్మనీలోని కీల్ నగరంలో హైన్రిక్ క్వింకే నడుము దగ్గర సూదితో వెన్నునీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) తీసే పద్ధతిని తెచ్చారు. రోగి బతికుండగానే వెతికే దారి దొరికింది. అయితే ఆ నీటిలో క్షయ క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. సూక్ష్మదర్శినికి తరచూ చిక్కవు, ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్‌లో పెరగడానికి వారాలు పడుతుంది.

నయం చేసే మందు లేనంతకాలం జబ్బు పేరు తప్పినా రోగి గతి పెద్దగా మారేది కాదు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ అనే క్షయ మందులు వచ్చాక ఆలస్యమే ప్రాణాంతకమైంది. 1950లలో ఆంఫోటెరిసిన్ వచ్చి క్రిప్టోకాకస్‌కూ చికిత్స దొరికింది. ఇక ఈ రెండు జబ్బులనూ వేరుచేయడం తప్పనిసరైంది. హెచ్‌ఐవీ వ్యాపించాక ఆ అవసరం ఎన్నో రెట్లు పెరిగింది.

2002లో వియత్నాం పరిశోధకులు వయసు, జబ్బు మొదలై ఎన్ని రోజులైంది, రక్తంలోనూ వెన్నునీటిలోనూ తెల్లకణాలు ఎన్ని అన్న వివరాలతో ఒక స్కోరు తయారుచేశారు. మంచి సాధనమే. కానీ అది క్షయను చీముపట్టే బ్యాక్టీరియా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) నుంచి వేరుచేయడానికి పుట్టింది. నెలల తరబడి సాగే జబ్బుల మధ్య తేడా చెప్పమని దాన్ని అడగడం సరికాదు. క్రిప్టోకాకస్ రోగి కూడా అందులో క్షయ రోగిలాగే తేలవచ్చు.

ఆ పొరపాటు ఎంత ప్రమాదమో డెక్సామెథసోన్ చరిత్ర చెబుతుంది. 2004లో వియత్నాంలోనే 545 మందిపై జరిగిన పరీక్షలో ఆ స్టెరాయిడ్ క్షయ మెనింజైటిస్ మరణాలను తగ్గించింది. హెచ్‌ఐవీతో పాటు క్రిప్టోకాకల్ మెనింజైటిస్ ఉన్నవారికి అదే మందు ఇచ్చి చూస్తే హానే కనిపించింది. ఆ పరీక్షను మధ్యలోనే ఆపేసి, ఫలితాలను 2016లో వెల్లడించారు.

స్కానింగ్‌లో మెదడు అడుగుభాగాన మందంగా పేరుకున్న స్రావం, మెదడులోని గదుల్లో పేరుకున్న నీరు, చిన్న స్ట్రోకులు కనిపిస్తే క్షయ వైపు మొగ్గాలి. వెన్నునీటి పీడనం బాగా పెరిగి, అందులో తెల్లకణాలు మాత్రం తక్కువగా ఉంటే క్రిప్టోకాకస్‌ను తప్పక అనుమానించాలి. దాని యాంటిజెన్ (ఆ శిలీంధ్రం నుంచి వెలువడే పదార్థం) పరీక్ష ఫలితం నిమిషాల్లో తెలుస్తుంది. హెచ్‌ఐవీ పరీక్షతో పాటు దాన్నీ మొదటిరోజే చేయాలి. క్షయ కోసం 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎక్స్‌పర్ట్ అనే, క్రిమి జన్యువును వెతికే పరీక్షను ముందుగా చేయమంటోంది. అందులో నెగెటివ్ వచ్చినంత మాత్రాన క్షయ లేదని అర్థం కాదు. పరీక్షకు నాలుగు చుక్కలు చాలవు, కనీసం 6 మిల్లీలీటర్ల నీరు కావాలి. తొలిసారి దొరకకపోతే మళ్లీ తీసి వెతకాలి. అనుమానం బలంగా ఉంటే ఈలోగా క్షయ మందులు ఆపకూడదు.