మమ్మీని కాపాడింది మంత్రం కాదు, ఉప్పు

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసొచ్చిన ఒక పాఠకురాలు అడిగారు: ఇన్ని వేల ఏళ్లయినా ఆ శవం ఎందుకు కుళ్లలేదని. మంత్రబలమనీ, పిరమిడ్ శక్తి అనీ చెప్పే వీడియోలు బోలెడు. వాటి జోలికి పోను.

మొదట్లో ఈజిప్టువాళ్లు శవాన్ని నేరుగా ఎడారి ఇసుకలో పాతేవారు. వేడి ఇసుక ఒంట్లోని తడినంతా పీల్చేసేది. గెబెలైన్‌లో అలా దొరికిన, సుమారు 5,500 ఏళ్ల నాటి శవానికి జుట్టు కూడా మిగిలే ఉంది. తర్వాత కలిగినవాళ్లు పెట్టెలు, రాతి గదులు మొదలుపెట్టారు. ఇసుక తగలకపోయేసరికి శవాలు కుళ్లాయి. మర్యాద చేయబోతే మొదటికే మోసం! ఎందుకంటే వాళ్ల నమ్మకంలో మనిషి తల ఉన్న పక్షి రూపంలోని ఆత్మ 'బా' రోజూ తిరిగొచ్చి ఆ శరీరాన్నే చేరాలి.

అప్పుడు ఆదుకున్నది నేట్రాన్. కైరోకు వాయవ్యంగా ఉన్న వాదీ నట్రూన్ సరస్సుల ఒడ్డున ఎండి పేరుకునే ఈ పదార్థంలో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో పాటు మామూలు ఉప్పు, సల్ఫేట్ ఉంటాయి. చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టినట్టే ఇదీ: చర్మం మీది తడిలో ఉప్పు కరిగి చిక్కటి ద్రావణమవుతుంది, ఆస్మాసిస్ వల్ల కణాల్లోని నీరు బయటికొస్తుంది, నీరందని బ్యాక్టీరియా పెరగలేదు. నేట్రాన్ ఇంకో పని కూడా చేస్తుంది. అది క్షారం కాబట్టి కొవ్వును విడగొట్టి కొంత సబ్బుగా మారుస్తుంది. బ్యాక్టీరియాకు నిలయమైన పేగుల్ని ఎడమవైపు కోతలోంచి ముందే తీసేసేవారు. కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం కూడా బయటికే.

ఈ పనికి 70 రోజులని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అందులో ఎండబెట్టడానికి పట్టేది దాదాపు 40. 1994లో అమెరికాలో బాబ్ బ్రయర్, రొనాల్డ్ వేడ్ అనే పరిశోధకులు, ఎవరో దానమిచ్చిన దేహాన్ని పాత పద్ధతిలో నేట్రాన్‌లో కప్పిపెట్టారు. 35 రోజుల్లో బరువు సగానికి పైగా తగ్గింది.

మెదడును మాత్రం ముక్కులోంచి కొక్కెంతో లాగి పారేసేవారు. వాళ్ల లెక్కలో ఆలోచించేది గుండె, అందుకే దాన్ని లోపలే ఉంచేవారు. వాళ్ల నమ్మకం ప్రకారం పరలోకంలో, మృతుల దేవుడు ఒసైరిస్ ఎదుట, ఆ గుండెను సత్యదేవత మాట్ ఈకతో తూస్తారు. బరువు తేడా వస్తే మొసలి తల ఉన్న రాక్షసి అమ్మిట్ దాన్ని మింగేస్తుంది. ఆ టెన్షన్ తట్టుకోలేక కాబోలు, మమ్మీ ఛాతీ మీద పేడపురుగు ఆకారపు రాయి పెట్టి, దాని అడుగున గుండెకే ఒక విన్నపం చెక్కేవారు: తూకం దగ్గర నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు అని.