ఒకసారి కట్టేస్తే 25 ఏళ్లు ఉచితమా? టైమ్‌షేర్ సభ్యత్వంపై అపోహలు, వాస్తవాలు

వేసవి సెలవులు ముగిసి పిల్లలు బడిబాట పట్టే రోజుల్లో నా దగ్గరకు కొన్ని జంటలు తప్పకుండా వస్తాయి. ఉండేది మారతహళ్లి కావచ్చు, వైట్‌ఫీల్డ్ కావచ్చు, కథ మాత్రం ఒకటే. మాల్‌లో ఎవరో కూపన్ నింపమంటే నింపారు. నాలుగు రోజులకు ఫోను: మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలి. ఆదివారం సాయంత్రం ఒక హోటల్ హాల్లో గంటల తరబడి కొండల బొమ్మలు చూపించారు. ఈ ధర ఈ ఒక్క పూటకే అన్నారు. టైమ్‌షేర్ సభ్యత్వానికి, అంటే ఏటా కొన్ని రాత్రులు రిసార్టు గదుల్లో ఉండే హక్కుకు, క్రెడిట్ కార్డు గీసి, సంతకం పెట్టి వచ్చారు. ఇప్పుడు ఆ ఫైలు నా బల్ల మీద పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అడుగుతారు: "మేడమ్, మేము మోసపోయామా?"

చాలాసార్లు నా జవాబు, లేదు అనే. రిసార్టులు ఉన్నాయి, గదులు బాగానే ఉంటాయి, కంపెనీ పారిపోలేదు. కాకపోతే మీరు కొన్నదొకటి, కొన్నామని అనుకుంటున్నది మరొకటి. బెంగళూరులో తెలుగు కుటుంబాల ఇంటి లెక్కలు చూడడం నా వృత్తి. ఏ రిసార్టు కంపెనీ దగ్గరా కమీషన్ తీసుకోను. అందుకే ఇవన్నీ మొహమాటం లేకుండా రాస్తున్నాను.

అపోహ: ప్రవేశ రుసుము కట్టేస్తే పాతికేళ్లు సెలవులు ఉచితం

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొడుతున్న నమ్మకం ఇదే. నాకు విసుగు తెప్పించేది కూడా ఇదే, ఎందుకంటే ఒప్పందంలోనే నల్లటి అక్షరాలతో ఉంటుంది. ప్రవేశ రుసుము కేవలం గేటు దాటడానికి. ఆపైన ఏటా నిర్వహణ రుసుము కట్టాలి. ఏఎస్ఎఫ్ అంటారు, ఏఎంసీ అంటారు, పేరు ఏదైనా బిల్లు బిల్లే. దాని మీద 18 శాతం జీఎస్‌టీ. అది కట్టకపోతే గది బుక్ కాదు. మీరు వెళ్లినా వెళ్లకపోయినా అది వస్తూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌కు తాళం వేసి ఊరెళ్లినా మెయింటెనెన్స్ కట్టే బెంగళూరువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కానీ హోటల్ హాల్లో కూర్చున్నప్పుడు ఎందుకో తట్టదు.

నా దగ్గరకు వచ్చినవారి ముందు కాగితం మీద వేసే లెక్క ఇక్కడా వేస్తాను. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, మీ ఒప్పందంలోవి వేసుకుని చూడండి. పన్నుతో కలిపి ప్రవేశ రుసుము 4 లక్షలు, సభ్యత్వం 25 ఏళ్లు, ఏడాదికి 7 రాత్రులు. నిర్వహణ రుసుము 18,000, జీఎస్‌టీతో 21,240. ఆ 4 లక్షలు బ్యాంకులో 7 శాతానికి ఉంటే ఏడాదికి 28,000 వడ్డీ వచ్చేది. రెండూ కలిపితే 49,240. ఏడు రాత్రులూ వాడుకుంటే ఒక రాత్రి ఖరీదు సుమారు 7,030 రూపాయలు. నాలుగు రాత్రులే వాడితే 12,310. పాతికేళ్ల తరవాత అసలు 4 లక్షలు తిరిగి రావన్నది ఇందులో కలపనే లేదు.

నిర్వహణ రుసుము ఏటా 6 శాతం పెరిగిందనుకోండి. పదకొండో ఏడాది బిల్లు 38,000 దాటుతుంది. ఇరవై అయిదో ఏడాది బిల్లు సుమారు 86,000. పాతికేళ్లలో కట్టిన బిల్లులన్నీ కూడితే 11.65 లక్షలు. అంటే మీరు 4 లక్షల వస్తువు కొనలేదు, 15 లక్షలు దాటిన వస్తువు కొన్నారు. అమ్మేవారు మొదటి అంకె గురించి గంటసేపు బేరమాడనిస్తారు, యాభై వేలు తగ్గిస్తారు, పైగా రెండు రాత్రులు బహుమతిగా ఇస్తారు. రెండో అంకె గురించి బేరం ఉండదు.

"మరి హోటల్ ధరలూ పెరుగుతాయి కదా, మేడమ్?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. పెరుగుతాయి. ఇప్పుడు 6,000 ఉన్న గది 5 శాతం జీఎస్‌టీతో 6,300. అదీ ఏటా 6 శాతం పెరిగితే పదకొండో ఏడాది 11,280 అవుతుంది. అప్పటికి మీ సభ్యత్వంలో ఏడు రాత్రులూ వాడేవారికి రాత్రి ఖరీదు 9,430. చవకే! కానీ నాలుగు రాత్రులు వాడేవారికి 16,500. మొత్తం బేరం తేలేది ఇక్కడే. మీరు ఏడాదికి ఎన్ని రాత్రులు నిజంగా వెళ్తారు? వెళ్లాలని ఉన్నవి లెక్క కాదు. గడిచిన మూడేళ్ల ఫోను గ్యాలరీ తెరిచి, రిసార్టులో పడుకున్న రాత్రులు లెక్కపెట్టండి. పెళ్లిళ్లకు, సంక్రాంతికి ఊరెళ్లిన రోజులు అందులోకి రావు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి వచ్చిన ఒక జంట నా ఎదుటే లెక్కపెట్టుకున్నారు. మూడేళ్లలో అయిదు రాత్రులు తేలాయి, అందులో రెండు ఆఫీసువాళ్లు తీసుకెళ్లినవి. భర్త నవ్వాడు, భార్య నవ్వలేదు.

హోటల్‌కు వెళ్లని ఏడాది హోటల్ ఖర్చు సున్నా. సభ్యత్వానికి ఆ సౌకర్యం లేదు. 2020లో లాక్‌డౌన్ పెట్టి ఎవరినీ ఎక్కడికీ కదలనివ్వని ఏడాది కూడా మా ఖాతాదారుల్లో ఒకరికి బిల్లు వచ్చింది. వాడని రాత్రులను తరవాతి ఏడాదికి జరిపారు, బిల్లును మాత్రం జరపలేదు. ఆ తరవాతి ఏడాది ఆయన తల్లికి మోకాలి శస్త్రచికిత్స. మళ్లీ వెళ్లలేదు. పోగైన రాత్రులకు గడువు ఉంటుందని అప్పుడు తెలిసింది.

కాబట్టి సంతకానికి ముందు ఒప్పందంలో వెతకాల్సిన మొదటి వాక్యం, నిర్వహణ రుసుము ఎంతవరకు పెంచవచ్చో చెప్పేది. పైపరిమితి ఉందా, ధరల సూచీతో ముడిపెట్టారా, లేక కంపెనీ ఇష్టానికి వదిలేశారా? మూడోదైతే ఫైలు మూసి ఇంటికి వచ్చేయండి.

అపోహ: ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లవచ్చు

మీరు కొన్నది ఒక సీజన్. క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని నాలుగు ఉంటాయి. పర్పుల్ అంటే అందరూ వెళ్లాలనుకునే రోజులు, ధర కూడా దానికే ఎక్కువ. ఇతర కంపెనీలు వేరే పేర్లు పెట్టుకున్నా పద్ధతి ఇదే. తక్కువ ధరకు వచ్చిందని వైట్‌లోనో బ్లూలోనో చేరిన కుటుంబంలో ఇద్దరు పిల్లలు బడికి వెళ్తుంటే, దసరాకూ క్రిస్మస్‌కూ వేసవికీ గది దొరకడం కష్టం. దొరికే రోజుల్లో పిల్లలకు పరీక్షలు. పై సీజన్ ఉన్నవారికి కూడా గది హామీ లేదు. మొదట అడిగినవారిదే గది. బెంగళూరు మొత్తం ఒకే వారాంతంలో కూర్గుకూ ఊటీకీ వాయనాడ్‌కూ బయలుదేరుతుంది. చెన్నైవాళ్లు ఏర్కాడు, కొడైకెనాల్ అంటారు. నెలల ముందే బుక్ చేసుకునే అలవాటు మీకు లేకపోతే, అది ఉన్నవారి సెలవులకు మీరు డబ్బు కడుతున్నట్టే.

అమ్మేవారిని అక్కడే ఒక పని చేయమనండి. వాళ్ల కంప్యూటర్లో వచ్చే దసరా వారానికి మడికేరిలో గది ఉందేమో చూపించమనండి. చూపిస్తే సరే. "సిస్టమ్ పని చేయడం లేదు" అంటే మీకు జవాబు దొరికినట్టే. సభ్యులు కానివారికి అదే గదిని బుకింగ్ సైట్లలో ఎంతకు ఇస్తున్నారో కూడా అక్కడే కూర్చుని ఫోనులో చూడండి.

గది పరిమాణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్టూడియో అంటే ఒక గది. మన ఇళ్లలో ప్రయాణం అంటే అమ్మానాన్నలో, అత్తమామలో కూడా వస్తారు. ఒక పెద్దావిడ ఆవకాయ సీసా పట్టుకుని దిగితే అయిదో మనిషికి పరుపు ఎక్కడ వేస్తారు? ఎంతమందిని అనుమతిస్తారో అడిగి రాయించుకోండి. ఇక తిండి. ఆ రాత్రుల్లో భోజనం కలిసి ఉండదు. కొండ మీద రిసార్టులో మూడు పూటలూ అక్కడే తింటే ఆ బిల్లు గది ధరతో పోటీ పడుతుంది.

అపోహ: ఇది ఆస్తి, అవసరమైతే అమ్ముకోవచ్చు

మన దేశంలో అమ్ముతున్న సభ్యత్వాల్లో దాదాపు అన్నీ వాడుకునే హక్కు మాత్రమే ఇస్తాయి. నేల మీద మీకు హక్కు రాదు. పిల్లల పేరుకు మార్చుకోవచ్చు, దానికి రుసుము ఉంటుంది. బయట అమ్మాలంటే కొనేవారు కొన్న ధరలో చాలా తక్కువకు అడుగుతారు. ఏటా బిల్లు ఉన్నదాన్ని నెత్తికెత్తుకోవడానికి ఎవరు ముందుకొస్తారు?

"వాడకపోతే డబ్బు పెరిగి తిరిగి వస్తుంది" అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి వెంటనే లేచిపోండి. హోటల్ రాత్రుల పేరుతో డబ్బు సేకరించి, వాడుకోనివారికి ఎక్కువ మొత్తం తిరిగి ఇస్తామన్న పాన్‌కార్డ్ క్లబ్స్‌ది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని పెట్టుబడుల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తేల్చి, మదుపరుల డబ్బు వాపసు చేయాలని 2016లో ఆదేశించింది. ఆ డబ్బు కోసం జనం ఏళ్ల తరబడి తిరిగారు.

ఇంకో రకం ఫోను కూడా వస్తుంది. "మీ పాత సభ్యత్వానికి కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు, ముందు రిజిస్ట్రేషన్‌కు కొంత కట్టండి." చెన్నైలో ఉండే మా పిన్నికి ఇదే ఫోను వచ్చింది. ఆవిడ పదవీ విరమణ చేసిన లెక్కల టీచరు. "నాయనా, ఆ మొత్తం అమ్మిన డబ్బులోంచి తగ్గించుకుని మిగతాది పంపించు" అంది. ఫోను పెట్టేశాడు. డబ్బు పంపేసినవారుంటే వెంటనే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఖాతా ఖాళీ అవుతుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఎల్‌టీఏలో, అంటే ఉద్యోగులకు సెలవు ప్రయాణానికి ఇచ్చే భత్యంలో, సభ్యత్వం చూపించి పన్ను తగ్గించుకోవచ్చన్నది తప్పు. దానికింద వచ్చేది ప్రయాణ చార్జీలే, బస కాదు. అదీ పాత పన్ను విధానంలోనే. విదేశాల్లో ఉచితం అన్నదీ తప్పు. మీ రాత్రులు తీసుకుని వేరే రిసార్టులో గది ఇప్పించే ఆర్‌సీఐ లాంటి మార్పిడి సంస్థ ద్వారా వెళ్లాలి, దాని సభ్యత్వం ఉండాలి, ప్రతి మార్పిడికీ రుసుము ఉంటుంది. విమానం టికెట్లు, వీసా మీ ఖర్చే. ఖర్చు లేని ఈఎంఐ అన్నారా? అదే సభ్యత్వం ఒక్కసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి, ఖర్చు ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. ఇక, టైమ్‌షేర్ అంటేనే మోసం అన్న మాట కూడా పుకారే. 1986లో మద్రాసులో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ మొదలైనప్పటి నుంచి ఏటా హాయిగా తిరుగుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మరి ఎవరికి సరిపోతుంది? మా బావగారి కుటుంబాన్నే చూడండి. ఇద్దరూ పదవీ విరమణ చేశారు. జులైలో వానలో మున్నారు వెళ్తారు, ఫిబ్రవరి మధ్య వారంలో ఊటీ వెళ్తారు. వారాంతం, పండగ సెలవులు అన్న బెంగ లేదు. చవక సీజన్ తీసుకున్నారు, డబ్బు ఒక్కసారే కట్టారు, అప్పు చేయలేదు. ఒకే రిసార్టుకు మళ్లీ మళ్లీ వెళ్లడం వాళ్లకు ఇష్టం, అక్కడి తోటమాలి పేరు కూడా తెలుసు. వాళ్లకిది బంగారం లాంటి బేరం. బడికి వెళ్లని చిన్నపిల్లలున్నవారికీ కొన్నాళ్లు బాగుంటుంది. ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త హోమ్‌స్టే కావాలనేవారికి, సెలవు ఎప్పుడు దొరుకుతుందో మేనేజరును అడిగితే తప్ప తెలియనివారికి, ఇంటి లోను ఈఎంఐతో సతమతమయ్యేవారికి ఇది వద్దు.

ఇప్పటికే సంతకం పెట్టి నిద్ర పట్టనివారికి. మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. యూరప్‌లో 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కును చట్టమే ఇస్తుంది. ఇక్కడ ఆ గడువు ఒప్పందంలో రాసి ఉంటేనే. చాలాచోట్ల 10 రోజులని ఉంటుంది. ఆ పేజీ ఇప్పుడే తీసి తేదీ చూడండి. గడువు మిగిలి ఉంటే ఈరోజే ఈమెయిల్ పంపి, స్పీడ్ పోస్టులో ఉత్తరం కూడా వేయండి. అమ్మిన అబ్బాయికి ఫోన్ చేసి చెప్పడం చాలదు. అతను "నేను చూసుకుంటాను మేడమ్" అంటాడు, పదకొండో రోజు వస్తుంది.

గడువు దాటినా, నోటితో చెప్పింది ఒకటి, రాసింది మరొకటి అయితే వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉంది. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు రుసుము లేదు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ఆ హాల్లో ఇచ్చిన కరపత్రం, వాట్సాప్ సందేశాలు, కార్డు రసీదు, ఒక్కటీ చెరిపేయకండి.