ఒకే తీగ, మూడు వడ్డనలు

చిరంజీవులకు,

"ఇంట్లోకి వచ్చేది ఒక్క సన్న తీగ. నాన్న ఫోను, నానమ్మ సీరియల్, నా గేమ్ డౌన్‌లోడ్ అన్నీ అందులోంచే వస్తే ఒకదాంట్లో ఒకటి కలిసిపోవా?" అని అడిగారు కదా.

మా చిన్నప్పుడు ఈ అనుమానానికి తావే లేదు. ఫోనుకి స్తంభం మీంచి రాగి తీగ, టీవీకి డాబా మీద యాంటెన్నా. గాలికి యాంటెన్నా తిరిగిపోతే బొమ్మ పోయేది గానీ ఫోను మోగుతూనే ఉండేది. ఇప్పుడు ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి మూడింటినీ ఒకే గాజు తీగలో ఇస్తున్నాయి.

పెళ్లి బంతి గుర్తు తెచ్చుకోండి. వంటశాల నుంచి వరసకి దారి ఒకటే, గిన్నెలే వేరు. ఫైబర్‌లోనూ అన్నీ చిన్న ప్యాకెట్లుగానే వస్తాయి. ఏ గిన్నెలోదో తెలిసేలా ఒక్కోదానికీ వీలాన్ నంబరు, ఎంత తొందరో తెలిసేలా 0 నుంచి 7 దాకా ఒక అంకె వేస్తారు. మాటకి మామూలుగా 5, ఇంటర్నెట్‌కి 0.

మాట నెయ్యి లాంటిది. పప్పన్నం కలుపుతున్నప్పుడే పడాలి, పెరుగన్నంలోకి వచ్చాక తెస్తే ఎవరిక్కావాలి? గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ కడతారు. అందులో మాట 160 బైట్లు, చిరునామాల బరువు 40. సెకనుకి 50 ప్యాకెట్లంటే 80 కిలోబిట్లే. గిన్నె చిన్నది, తొందరే ఎక్కువ. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్లు బాగా దాటితే ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డం పడతారు. దారిలో ఒలికిన నెయ్యిని మళ్లీ తెమ్మనరు; అక్కడ గొంతు చిన్నగా తెగుతుంది, అంతే.

డౌన్‌లోడ్ బూరెల బుట్ట. ఆలస్యమైనా ఫరవాలేదు, లెక్క తగ్గకూడదు. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ తెప్పించుకుంటుంది.

టీవీ సాంబారు బకెట్. మీ వీధిలో పదిళ్లు ఒకే ఛానల్ చూస్తున్నా ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోకి వచ్చే ధార ఒకటే. రిమోట్ నొక్కగానే మీ టీవీ పెట్టె "నా విస్తట్లోనూ" అని చెయ్యి చాపుతుంది.

వీధి స్తంభం మీది స్ప్లిటర్ ఒక తీగని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. తీగలో ఇంటికి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, వెళ్లేదానిది 1310, అందుకే ఎదురెదురుగా వచ్చినా గుద్దుకోవు. కానీ వెళ్లేటప్పుడు ఇళ్లన్నీ ఒకేసారి మాట్లాడకూడదు. తీగ వచ్చి చేరే ఫైబర్ పెట్టె ఇంటింటికీ ఒకటి ఉంటుంది; ఎక్స్ఛేంజి ఒక్కోదానికీ వంతు ఇస్తుంది. ఏదో ఒక పెట్టె చెడి, వంతు లేకుండా లేజర్ వెలిగిస్తూ కూర్చుంటే ఆ తీగ మీది ఇళ్లన్నిటికీ సేవ ఆగుతుంది. బంతిలో ఒకడు గొంతు చించుకుంటే మిగతావాళ్ల కేక వడ్డించేవాడికి వినబడనట్టు.

కరెంటు దగ్గర నా బంతి పోలిక పనికిరాదు. పాత రాగి తీగలో ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. గాజులో కరెంటు పారదు. అందుకే ఫైబర్ పెట్టెకి చిన్న యూపీఎస్ పెట్టించండి; మీ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే దానిదీ అంతే ఉండాలి.

ఆ పెట్టె మీది లాస్ (LOS) దీపం ఎర్రగా వెలిగితే వెలుగు రావట్లేదన్నమాట. మూడూ కలిసి పోతాయి. తీగ బీరువా వెనక నలిగిందేమో చూడండి. వంపు చుట్ట మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుసుకోకూడదు. నెట్ వస్తూ ఫోను ఒక్కటే మూగబోతే తీగ తప్పు కాదు, ఆ నంబరు కంపెనీ సర్వర్‌లో నమోదు కాలేదేమో. పెట్టెకి గుచ్చిన తీగ పచ్చ కొస మాత్రం ఊడదీసి కంట్లో పెట్టుకు చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనబడదు, కన్ను పాడుచేయగలదు.

ఈ రాత్రి పెద్ద డౌన్‌లోడ్ పెట్టి, ఇంటి ఫోను నుంచి నాకు చేయండి. మాట తెగుతుందో లేదో ఇద్దరం విందాం.

ఆశీస్సులతో,
తాతయ్య