అతుకు కనబడాల్సిందే: షూబర్ట్–బెరియో కచేరీ మీద అపోహలు, వాస్తవాలు

చాంబర్ ఆర్కెస్ట్రాలో, అంటే చిన్న వాద్యబృందంలో, వయోలా వాయిస్తాను. వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. విరామానికి ముందు పంతొమ్మిదో శతాబ్దపు వియన్నా స్వరకర్త షూబర్ట్ ‘అన్‌ఫినిష్డ్’ (అసంపూర్ణ) సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన, తర్వాత ఇరవయ్యో శతాబ్దపు ఇటలీ స్వరకర్త లూచానో బెరియో ‘రెండరింగ్’ ఉన్న కచేరీ అంటే నాకు ప్రాణం. దాని గురించి తరచూ వినబడే మాటలివి.

అపోహ: రొమాంటిక్ సంగీతమంటే ప్రేమపాటలు.
కాదు, అదొక కళా ఉద్యమం పేరు, షూబర్ట్‌ది ఆ కాలమే. మన భావకవులను కదిలించిన ఇంగ్లిష్ కవులదీ ఆ గాలే.

అపోహ: షూబర్ట్ చనిపోవడం వల్లే ‘అన్‌ఫినిష్డ్’ ఆగిపోయింది.
దాన్ని రాసింది 1822లో, ఆయన పోయింది 1828లో. ఈ మధ్యలో ఇంకో పెద్ద సింఫనీ పూర్తిచేశాడు కూడా. రెండు భాగాల ఆ రాతప్రతి స్నేహితుడి దగ్గర ఉండిపోయి, 1865లో గానీ వియన్నా చెవిన పడలేదు. చావు నిజంగా ఆపేసింది వేరొకదాన్ని: చివరి వారాల్లో చిత్తుగా రాసుకున్న, డి మేజర్ అనే స్వరశ్రేణిలోని సింఫనీని. బెరియో చేతికి తీసుకున్నది ఆ చిత్తుప్రతినే.

అపోహ: బెరియో దాన్ని పూర్తిచేశాడు.
ఈ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. 1989–90లో ఆయన చేసింది అందుకు పూర్తిగా వేరు. షూబర్ట్ రాసి ఉంచినచోట ‘అన్‌ఫినిష్డ్’లోని వాద్యాలతోనే పలికించాడు. రాయనిచోట ఖాళీని దాచలేదు. ఇటలీలోని అసిసీలో పాతకాలపు చిత్రకారుడు జొత్తో కుడ్యచిత్రాలను బాగుచేసేటప్పుడు రంగు రాలిన చోట కొత్త బొమ్మ వేయకుండా వదిలినట్టు అన్నమాట. ఈ పోలిక ఆయనదే. ఖాళీ వచ్చిందని చెప్పేది సెలెస్టా, చిన్న గంటల్లా మోగే కీబోర్డు. అది పుట్టిందే 1886లో, పారిస్‌లో. షూబర్ట్ ఎన్నడూ వినని గొంతు అది. దాని చుట్టూ షూబర్ట్ ఆఖరి పియానో సొనాటా (పియానో కోసం రాసిన పెద్ద రచన) తునకలు మసగ్గా తేలిపోతుంటాయి.

అపోహ: ఆ ఖాళీలు మాకు విశ్రాంతి.
నిజానికి మాకు చెమట పట్టేది అక్కడే. దాదాపు శబ్దం లేకుండా, భావం పలికించకుండా వాయించమని బెరియో ఆదేశం. కమానును ఫింగర్‌బోర్డ్ (తీగల కింద వేళ్లు నొక్కే పలక) మీదికి జరిపి, తీగను తాకీ తాకనట్టు లాగుతాను. కాస్త బరువు పడితే పాట అయిపోతుంది, కాస్త తగ్గితే తీగ పలకదు. పక్కవాళ్ల ఊపిరి వినబడుతుంటుంది. అంతలో షూబర్ట్ తిరిగొస్తాడు, మొదటి స్వరానికే చేతి బరువంతా కమాను మీదికి రావాలి. రిహార్సల్లో ఎక్కువసేపు కూర్చునేది ఆ ఒక్క మలుపు దగ్గరే.