సూదినా, ఫోన్‌నా: ఏది నమ్మాలి?

నానీ, చిట్టీ,

నెవాడాలో మిండెన్ మీద గ్లైడర్‌లో (ఇంజిన్ లేని విమానంలో) ఉండగా ఎత్తు చూపే ఆల్టిమీటర్ సూది 17,900 అడుగులంటే, ఫోన్‌లో జీపీఎస్ 18,700 అందని రాశారు. మీ టెన్షన్ అర్థమైంది. అమెరికాలో 18,000 అడుగుల నుంచి క్లాస్ ఏ అనే నియంత్రిత గగనతలం మొదలు. విమానాలను నడిపించే ట్రాఫిక్ కంట్రోలర్ ఒప్పుకోకుండా అందులోకి పోకూడదు.

ఆల్టిమీటర్‌కి ఎత్తు తెలియదర్రా, గాలి ఒత్తిడే తెలుసు. లోపల గాలి తీసేసి మూసిన పల్చటి రేకు డబ్బీ ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయట ఒత్తిడి తగ్గి అది ఉబ్బుతుంది. ఆ రవ్వంత కదలికను పళ్లచక్రాలు సూదికి అందిస్తాయి. ఇంత ఒత్తిడికి ఇంత ఎత్తు అన్న లెక్క మాత్రం ఒక ఊహా వాతావరణానిది: సముద్రమట్టంలో 15 డిగ్రీలు, 1013.25 హెక్టోపాస్కల్స్. నెవాడా ఎండలు ఆ లెక్క వింటాయా? గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 10 డిగ్రీల తేడాకి సుమారు 4 శాతం. మిండెన్ రన్‌వే దాదాపు 4,700 అడుగుల ఎత్తున ఉంది. దానిపైన 13,000 అడుగుల గాలి సగటున 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, సూది 800 అడుగుల దాకా తక్కువ చూపిస్తుంది.

అంటే ఫోన్ చెప్పిందే నిజానికి దగ్గర. అయినా సరే, హద్దు విషయంలో సూది మాటే వినండి. పక్కనున్న రీనో ఊళ్లో దిగబోయే జెట్ కూడా అదే వేడిగాలిలో ఉంది, దాని సూదీ అంతే తప్పు. ఊళ్లో గడియారాలన్నీ పది నిమిషాలు వెనకబడితే బడికి ఎవరూ ఆలస్యం కారుగా! మీరొక్కరే జీపీఎస్ చూసుకుని ఎగిరితేనే విమానాల మధ్య ఉండాల్సిన ఎడం చెడుతుంది.

అందరి సూదులూ ఒకే లెక్కన నడవాలి, అందుకే రేడియోలో చెప్పే స్థానిక ఒత్తిడిని ఆల్టిమీటర్‌లో ఎప్పటికప్పుడు సెట్ చేసుకోవాలి. అక్కడ దాన్ని పాదరసం అంగుళాల్లో చెబుతారు. పదో వంతు అంగుళం తేడా పెడితే వంద అడుగులు తప్పినట్టే. పొద్దున పెట్టింది సాయంత్రానికి పనికిరాదు.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇంజిన్ విమానంలో అదురుకి సూది అంటుకుపోకుండా తిరుగుతుంది. గ్లైడర్‌లో ఆ అదురు ఉండదు. చదివేముందు అద్దం మీద వేలితో తట్టండి, ఒక్కోసారి సూది చటుక్కున గెంతుతుంది.

18,000 అంచుదాకా ఎక్కకండి. 17,500 దగ్గరే లిఫ్ట్‌ని, అంటే పైకి లేపే గాలిని, వదిలి పక్కకు వచ్చేయండి. మంచి థర్మల్ (పైకి లేచే వేడిగాలి) నిమిషానికి వెయ్యి అడుగులు లేపిందంటే, మిగిలిన ఆ 500 అడుగులు అర నిమిషమే.

తాతయ్య